నర్సు చెప్పే మాట అమ్మమ్మకూ చేరాలి

అమెరికాలో మామూలు కాన్పయితే ఒకటి రెండు రోజుల్లోనే ఇంటికి పంపేస్తారు. పంపే ముందు నర్సు చెప్పే జాగ్రత్తలను బాలింత నిద్రమత్తులో వింటుంది, భర్త కారు సీటు బిగించే హడావిడిలో వింటాడు. బిడ్డకు స్నానం చేయించేది, నిద్రపుచ్చేది ఇండియా నుంచి వచ్చిన అమ్మమ్మ. ఆవిడకు ఎవరూ ఏమీ చెప్పరు.

ఆ తర్వాత ఇంట్లో వాదనలు. "మేము మిమ్మల్ని పెంచలేదా?" అని ఆవిడ, "నర్సు వద్దంది" అని కూతురు. కారణం చెబితే అమ్మమ్మలు విననివాళ్లేమీ కాదు. తేనెలో ఉండే ఒక రకం బాక్టీరియా బీజాలు పసిపేగుల్లో మొలకెత్తి విషం తయారుచేయవచ్చు. అందుకే ఏడాది నిండేదాకా నాకించవద్దంటారు. కొన్ని కాటుకల్లో సీసం ఉంటుంది. దిండ్లూ బొంతలూ లేకుండా వెల్లకిలా పడుకోబెట్టమని 1994 నుంచి ఇక్కడ ప్రచారం సాగుతోంది. నిద్రలో హఠాత్తుగా చనిపోయే పసిబిడ్డల సంఖ్య ఆ తర్వాత బాగా తగ్గింది. మూడు నెలల్లోపు బిడ్డకు జ్వరం 100.4 డిగ్రీలకు చేరితే తడిగుడ్డలు వేస్తూ కూర్చోకుండా వెంటనే డాక్టరుకు ఫోను చేయాలి.

పెద్దవాళ్లకు జబ్బు చేసినప్పుడు మధ్యలో కొడుకు నిలబడతాడు. గుండె బలహీనపడిన తండ్రికి నర్సు వివరంగా చెబుతుంది: రోజూ పొద్దున్నే బరువు చూసుకోండి, ఒక్కరోజులో మూడు పౌన్లు పెరిగితే ఒంట్లో నీరు చేరుతోందేమో, మాకు ఫోను చేయండి అని. కొడుకు నోట అది "ఉప్పు తగ్గించమంటోంది నాన్నా" అవుతుంది. కూరలో ఉప్పు తగ్గుతుంది; ఆవకాయా, అప్పడాలూ, ఊరమిరపకాయలూ యథాస్థానంలో ఉంటాయి. ఇండియా నుంచి తెచ్చుకున్న డోలో, ఇక్కడి టైలెనాల్ ఒకే మందని కూడా ఆయనకు తెలియదు. రెండూ కలిపి మింగితే మోతాదు మించి కాలేయం దెబ్బతినవచ్చు.

కొడుకు ఎదుట తల్లి చెప్పుకోలేని సంగతులూ ఉంటాయి. మూత్రం ఆగడం లేదనో, రక్తస్రావం అవుతోందనో ఏ తల్లి అతనితో అనువాదం చేయించుకుంటుంది? ఇక ప్రాణం మీదికి వస్తే ఏ చికిత్స కావాలో, ఏది వద్దో ముందే రాసి ఉంచారా అని ఆసుపత్రులు రోగిని అడగాలని 1990 నాటి చట్టం చెబుతోంది. ఆ ప్రశ్నను మనవాళ్లు అపశకునమని అసలు అనువదించరు. అది ప్రేమే కావచ్చు, కానీ నిర్ణయం ఆవిడది.

2010 నాటి ఆరోగ్య చట్టంలోని 1557వ సెక్షన్ ప్రకారం, కేంద్ర ప్రభుత్వ నిధులు తీసుకునే ఆసుపత్రులు ఇంగ్లిష్ అంతగా రానివారికి అర్హత ఉన్న దుబాసీని ఉచితంగా ఏర్పాటు చేయాలి. మీ మనిషినే తెచ్చుకోండి అనకూడదు. తెలుగు దుబాసీ ఫోనులోనో వీడియోలోనో దొరకవచ్చు. మనం అడగం, నామోషీ. ఇంట్లో ఇద్దరు ఇంజనీర్లుండగా ఇంకొకరెందుకని.

మన సంఘం ఏటా రక్తపోటు శిబిరం పెడుతోంది, మంచిదే. ఆ పక్కనే మన నర్సులు కొందరు కూర్చుని అమ్మమ్మలకూ తాతయ్యలకూ ఈ సంగతులు తెలుగులో చెబితే బాగుంటుంది. ఈలోగా అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే దుబాసీ కావాలని చెప్పండి. నర్సు చెప్పడం అయ్యాక, విన్నది అమ్మనే తెలుగులో తిరిగి చెప్పనివ్వండి. ఎక్కడైనా తడబడితే మళ్లీ చెప్పమని అడగండి. అది నర్సు ఉద్యోగంలో భాగమే.