కాపీరైట్ క్లెయిమ్ గారికి ఒక మేనమామ రాయునది

మహారాజశ్రీ కాపీరైట్ క్లెయిమ్ గారికి నమస్కారాలు. ఉభయకుశలోపరి. ఇక్కడ మేమంతా క్షేమం. మీ క్షేమం వేరే అడగక్కర్లేదు, నా యూట్యూబ్ ఛానల్ మీద వచ్చే నాలుగు రూపాయలూ ఇప్పుడు మీ ద్వారానే కదా పోతున్నాయి.

మొన్న త్యాగరాజ ఆరాధనకి మా మేనకోడలు ఒక పంచరత్న కీర్తన పాడింది. ఫోన్లో తంబురా యాప్, పక్కింటి కుర్రాడి మృదంగం, వెనకాల మా బావగారి దగ్గు. నా ఛానల్లో పెట్టిన పావుగంటకి, పాటల్ని కంపెనీల రికార్డులతో పోల్చి చూసే యంత్రం పంపగా మీరు దిగారు. అది ఫలానా ఆడియో కంపెనీ సొత్తట! త్యాగయ్య పోయింది 1847లో. రచయిత పోయిన 60 ఏళ్ళకి హక్కు తీరిపోతుందని మన చట్టం. కంపెనీకి హక్కుంటే తాము చేయించిన రికార్డింగు మీద ఉంటుంది గానీ కీర్తన మీద ఎక్కడిది? కానీ పిల్ల పాఠం శుద్ధంగా అప్పజెప్పింది. అదే శ్రీరాగం, అవే స్వరాలు. మీ చెవికి రెండూ ఒకటైపోయాయి. ఎక్కడైనా ఒక అపస్వరం పలికి ఉంటే బతికిపోయేవాళ్ళం. ఈ మాట వాళ్ళ టీచరుతో అంటే ఆవిడ మురిసిపోయారు, "అయితే రికార్డుతో సరిపోయిందన్నమాట!" అని.

తంజావూరు రాజు పిలిచి సొమ్మిస్తానంటే వద్దన్నాడంటారు త్యాగయ్య. ఆయన వద్దన్న సొమ్ము ఎవరికి చెందాలో ఇన్నాళ్ళకి మీరు తేల్చారు.

నా సొంత వీడియో సంగతి కూడా విన్నవించుకుంటాను. మన హీరో ఎంట్రీలన్నీ ఒకే అచ్చులో పోసినవని చూపించడానికి పద్నాలుగు సినిమాల నుంచి నాలుగేసి సెకన్లు కత్తిరించి వరసగా అతికించాను. దుమ్ము లేస్తుంది, బూటు కనిపిస్తుంది, ఎవడో గాల్లోకి ఎగురుతాడు. మధ్యమధ్యలో నా వెటకారం. దాని మీదా మీరే దిగారు. సాంబారు మాడిందని చెప్పాలంటే ఒక గరిటె వడ్డించుకోవాలా వద్దా? విమర్శకీ సమీక్షకీ మితంగా వాడుకోవచ్చని 1957 చట్టం 52వ సెక్షన్ అంటుంది. అమెరికావాళ్ళ ఫెయిర్ యూజ్, అంటే న్యాయమైన వాడకం అనే సూత్రం, అయితే ఎందుకు వాడావు, ఎంత వాడావు, అసలు సరుకు అమ్మకానికి గండి కొట్టావా అని విచారిస్తుంది. మీరు విచారించేది ఒక్కటే, కలిసిందా లేదా. శ్రీశ్రీ కవితలకి జరుక్ శాస్త్రి రాసిన పేరడీలు చదివి పడీపడీ నవ్విన జనం మేము. ఆ రోజుల్లో మీరు లేరు, ఆయన అదృష్టవంతుడు.

అమెరికా అంటే గుర్తొచ్చింది. 2007లో పెన్సిల్వేనియాలో ఒక తల్లి, వంటింట్లో గంతులేస్తున్న తన పసివాడి వీడియో పెట్టింది. మొత్తం 29 సెకన్లు. వెనకాల ఎక్కడో ప్రిన్స్ పాట. యూనివర్సల్ కంపెనీ దాన్ని తీయించింది, ఆవిడ కోర్టుకెక్కింది. తీయమనే ముందు అది ఫెయిర్ యూజేమో ఆలోచించాలని 2015లో అప్పీలు కోర్టు చెప్పింది. ఎనిమిదేళ్ళు! అప్పటికి ఆ పసివాడు సైకిల్ తొక్కుతూ ఉంటాడు. మరి ఆ ఆలోచించే పని మీ ఇంట్లో ఎవరు చేస్తున్నారో తెలుసుకోవాలని ఉంది.

అభ్యంతరముంటే చెప్పుకోమన్నారు, చెప్పుకున్నాను. దాన్ని పరిశీలించేది ఎవరయ్యా అంటే నా మీద క్లెయిమ్ వేసిన కంపెనీయే. 30 రోజుల గడువు కూడా వాళ్ళకే. గట్టు తగాదాకి గట్టు జరిపినవాణ్ణే సర్వేయరుగా పిలిచినట్టుంది. ఇరవై రెండు రోజులైంది. రోజూ పొద్దున్నే మెయిల్ తెరిచి చూస్తున్నాను, ఇన్సూరెన్స్ ప్రకటనలు తప్ప ఏమీ లేవు.

తా.క. మేనకోడలు ఇంకో పంచరత్నం మొదలుపెట్టింది. ఈసారి చరణంలో ఒకచోట కావాలనే శ్రుతి తప్పుతానంటోంది. వాళ్ళ టీచరు ససేమిరా అంటున్నారు. కాబట్టి వచ్చే ఆరాధనకి, పుష్య బహుళ పంచమికి, మళ్ళీ కలుద్దాం.