సున్నా ఎక్సెస్సా, 750 డాలర్లా? ఒక వదినా మరిదీ వాదన

ఆస్ట్రేలియాలో ప్రైవేట్ హాస్పిటల్ కవర్ తీసుకునేటప్పుడు ఎక్సెస్ ఎంతో మనమే ఎంచుకోవాలి. ఆసుపత్రిలో అడ్మిట్ అయితే ముందుగా మన జేబులోంచి కట్టే సొమ్మే ఎక్సెస్. అది పెంచుకుంటే ప్రీమియం తగ్గుతుంది. మరిదిది సున్నా పార్టీ, వదినది 750 పార్టీ. నేనెవరి వైపో కాసేపట్లో మీకే తెలిసిపోతుంది.

మరిది: నెలనెలా ప్రీమియం కడుతూనే ఉన్నా కదా వదినా, మళ్లీ అడ్మిషన్ కౌంటర్ దగ్గర 750 తియ్యమంటే ఇంక ఇన్సూరెన్స్ దేనికి? ఒంట్లో బాగోలేనప్పుడు డబ్బు టెన్షన్ కూడా ఉండకూడదనే జీరో తీసుకున్నా.

వదిన: ఆ టెన్షన్ లేకపోవడానికి ఎంత కడుతున్నావో ఎప్పుడైనా చూశావా? జీరోకీ 750కీ మీ ఇంటి పాలసీలో నెలకు 50 డాలర్ల తేడా అనుకుందాం, లెక్క కోసమేలే, కంపెనీని బట్టి మారుతుంది. ఏడాదికి 600. మూడేళ్లలో మీ ఇద్దరిలో ఒకరు ఒక్కసారి అడ్మిట్ అయ్యారనుకో, 750 తప్పించుకోవడానికి 1800 పోసినట్టు. మీవాడికి ఏదైనా అవసరం పడినా, పిల్లలకు చాలా ఫండ్లు, అదే ఇన్సూరెన్స్ కంపెనీలు, ఎక్సెస్ అడగవు. పళ్లకీ కళ్లద్దాలకీ వాడే ఎక్స్‌ట్రాస్‌కు ఇది వర్తించదు.

మరిది: ఇద్దరం ఒకే ఏడాది మంచం పడితే?

వదిన: 1500. అక్కడితో ఆగుతుంది. మెడికేర్ లెవీ సర్‌చార్జ్, అంటే ఆదాయం ఎక్కువుండీ ప్రైవేట్ హాస్పిటల్ కవర్ లేనివాళ్ల మీద పడే అదనపు పన్ను, తప్పాలంటే పాలసీలో ఎక్సెస్ ఏడాదికి ఒక్కరికైతే 750, జంటకైనా కుటుంబానికైనా 1500 దాటకూడదు. 2019 ఏప్రిల్‌కు ముందు అది 500, 1000 ఉండేది. నీ ప్రీమియంలో మిగిలిన 600 తీసేస్తే, ఎంత పాడు ఏడాదైనా నీకు నష్టం 900. లెక్కకు అందే నష్టం అది.

మరిది: మిగిలిన 600 అంటున్నారే, ఎక్కడ మిగులుతాయి? ఎవరైనా వేరే ఖాతాలో వేస్తారా? మార్ట్‌గేజ్‌లో కలిసిపోతాయి. నెలకు 50 అంటే తెలియకుండా పోతుంది, ఒకేసారి 750 అంటే అప్పుడు గుర్తొస్తుంది. డబ్బు సర్దుబాటు కాక ఆపరేషన్ వాయిదా వేసుకున్నవాళ్లు నాకు తెలుసు. ఇంకో సంగతి, మీరు చెప్పకుండా దాటేశారు. అవసరం పడ్డాక తగ్గించుకుందాంలే అంటే కుదరదు. ఉన్న జబ్బుకైతే తగ్గించిన ఎక్సెస్ అమల్లోకి రావడానికి 12 నెలలు ఆగాలి. అప్పటిదాకా పాత ఎక్సెస్సే కట్టమంటారు.

వదిన: అది నిజమే. చేతిలో 750 లేనివాళ్లకు నేను చెప్పేది పనికిరాదు, వాళ్లు జీరోలోనో 250లోనో ఉండటమే మంచిది. నీ దగ్గర లేవా?

మరిది: ఉన్నాయనుకోండి. అసలు ప్రభుత్వ ఆరోగ్య పథకం మెడికేర్ ఉండగా మనకిదంతా ఎందుకు చెప్పండి, సర్‌చార్జ్ తప్పించుకోవడానికి కాకపోతే?

వదిన: సర్‌చార్జ్ సరే, ఆలస్యంగా చేరినందుకు నీ ప్రీమియం మీద పడ్డ లోడింగ్ మాటేమిటి? మెడికేర్‌లో నమోదైన ఏడాదిలోపు హాస్పిటల్ కవర్ తీసుకో, ముప్పై దాటినవాళ్లకు ఆ గడువు పోతే ఏడాదికి 2 శాతం చొప్పున ఎక్కువ పడుతుందని చెప్పానా లేదా? ముప్పై ఆరులో తీరిగ్గా తీసుకున్నావు, ఇప్పుడు 12 శాతం అదనంగా కడుతున్నావు. పదేళ్లు ఆపకుండా కడితేగానీ అది పోదు.

మరిది: అన్నయ్యే ఆగమన్నాడు.

వదిన: ఇన్సూరెన్స్ విషయంలో మీ అన్నయ్య మాట వింటారా ఎవరైనా!

మరిది: ఆయన్ని పిలవమంటారా?

వదిన: వద్దులే, మళ్లీ మొదట్నుంచీ చెప్పుకోవాలి. ఇది విను. నువ్వు భయపడాల్సింది ఎక్సెస్‌కు కాదు, గ్యాప్‌కు. ప్రైవేట్‌గా అడ్మిట్ అయితే డాక్టర్ల ఫీజుకు ప్రభుత్వం ఒక షెడ్యూల్ రేటు పెట్టింది. అందులో 75 శాతం మెడికేర్ ఇస్తుంది, 25 శాతం నీ ఫండ్ ఇస్తుంది. సర్జన్ అంతకు రెండింతలు వేశాడనుకో, ఆ డాక్టరుకీ నీ ఫండ్‌కీ గ్యాప్ ఒప్పందం లేకపోతే పై మొత్తమంతా నీదే. మత్తు డాక్టరు బిల్లు వేరు, అసిస్టెంట్ సర్జన్ బిల్లు వేరు. ఎక్సెస్‌కు ఓ హద్దుంది, దీనికి లేదు, అందుకే ముందే రాతపూర్వకంగా ఎస్టిమేట్ అడగాలి. ఇక కవర్ స్థాయి. అన్నిటికంటే పైది గోల్డ్, దాని కింద సిల్వర్. మోకీలు మార్పిడి, కంటి శుక్లం, ప్రసవం, ఇవి తప్పనిసరిగా ఉండాల్సింది గోల్డ్‌లోనే. సిల్వర్ ప్లస్ పేరుతో అమ్మే వాటిలో కొన్ని ఉండొచ్చు, ఉండకపోవచ్చు. నువ్వేమో సిల్వర్ తీసుకుని, దానికి జీరో ఎక్సెస్ తగిలించావు. చిన్న ఖర్చును పూర్తిగా కప్పేసి పెద్ద ఖర్చును వదిలేశావు. ఆ డబ్బుతో ఎక్సెస్ పెంచుకుని పై స్థాయికి వెళ్లి ఉంటే నేను నోరెత్తేదాన్ని కాదు.

మరిది: ఆసుపత్రికి వెళ్లడం ఖాయమని ముందే తెలిసినవాళ్లకైతే? అప్పుడు జీరోనే లాభం కదా. 600 కట్టి 750 తప్పించుకుంటారు.

వదిన: ఆ ఒక్క ఏడాదికి 150 లాభం, కాదనను. ఎవరికి తెలుసట ముందే?

మరిది: మాకే. రెండో బిడ్డ గురించి అనుకుంటున్నాం.

వదిన: ఈ మాట మొదట చెప్పొద్దూ! ఎంత మంచి కబురు. ఆగు, నీది సిల్వరే కదా? ప్లస్సా, మామూలుదా?

మరిది: మామూలుదే.

వదిన: అయితే అందులో ప్రసవం లేదు. ఎక్సెస్ సున్నా అయితే ఏం లాభం?

మరిది: ఇప్పుడు గోల్డ్‌కు మారితే?

వదిన: మారిన రోజు నుంచి ప్రసవానికి 12 నెలల వెయిటింగ్. ఆ లోపు కాన్పు వస్తే ఫండ్ పైసా ఇవ్వదు, మెడికేర్ మీద పబ్లిక్ ఆసుపత్రికి వెళ్లాల్సిందే, అక్కడ బాగానే చూస్తారులే. గోల్డ్ తీసుకున్నా సరే, కాన్పుకు ముందు చెకప్‌ల కోసం ప్రైవేట్ డాక్టరు తీసుకునే ఫీజును ఫండ్ ఇవ్వదు, మెడికేర్ కొంత ఇస్తుంది, మిగతాది మీరే పెట్టుకోవాలి. 750 ఎక్సెస్‌తో గోల్డ్ ఎంత పడుతుందో రేపే ఫోన్ చేసి కనుక్కో.

మరిది: కనుక్కుంటా. ఆ 12 నెలల సంగతి మాత్రం మా ఆవిడకు మీరే చెప్పండి వదినా.