కారో-కాన్ డిఫెన్స్ గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ కారో-కాన్ డిఫెన్స్ గారి సముఖానికి,

చదరంగంలో నల్లపావుల ఆరంభ వ్యూహమైన తమరి చేతిలో ఇప్పుడే ఓడి, వేడి చల్లారకముందే ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నాను. ఓడినందుకు కాదు నా గోడు, ఓడించిన తీరుకు. నా రాజు మీదికి ఒక్క దాడి లేదు, ఒక్క బలి లేదు, గుండె ఝల్లుమనిపించే చెక్ ఒక్కటైనా లేదు. మంత్రులు మార్పిడి అయిపోయాయి, ఏనుగులు మార్పిడి అయిపోయాయి. ఆపైన నా బంట్లను తీరిగ్గా, ఒక్కొక్కటిగా ఏరుకున్నారు.

తెల్లపావులతో నేను బంటును ఈ4 గడికి (అక్షరం నిలువు వరుస, అంకె అడ్డ వరుస) తోయగానే తమరు సీ6 అంటారు. ఎదురుగా వచ్చి ఈ5లో నిలబడే మర్యాదా లేదు, సిసిలియన్ అనే మరో ఆరంభంలా కయ్యానికి కాలు దువ్వే పొగరూ లేదు. డీ4 అంటే డీ5. సరే, ఈ5 తోస్తాను. అప్పుడు వేంచేస్తుంది ఆ బిషప్, ఎఫ్5లోకి.

అసలు ఈ లేఖంతా ఆ బిషప్ గురించే. ఫ్రెంచ్ డిఫెన్స్ అనే ఇంకో ఆరంభంలో దాని గతి చూస్తే నాకెంత ముచ్చటో! సొంత ఈ6 బంటు అడ్డుగా నిలబడితే సీ8లోనే మూలుగుతూ సగం ఆట గడిపేస్తుంది. తమరు మాత్రం ముందు దాన్ని గడప దాటించి, ఆ తర్వాతే ఈ6 వేస్తారు. బయటికి వచ్చింది కదా, దొరకబుచ్చుకుందామని జీ4 తోశాను. జీ6కి జరిగింది. గుర్రాన్ని ఈ2కి తెచ్చాను. ఈలోగా సీ5 తోసి నా డీ4 బంటు మీద చెయ్యి వేశారు. లెక్కచేయలేదు, హెచ్4 తోశాను. హెచ్6 అన్నారు. హెచ్5 తోశాను. హెచ్7కి వెళ్లి కూర్చుంది. అంతే! దాన్ని తరమడానికి నా బంట్లు ఇల్లూ వాకిలీ వదిలి పరుగెత్తాయి, ఇక వెనక్కి రాలేవు. అది కదిలింది రెండే గడులు. అక్కడ కూర్చుని ఎఫ్5, ఈ4, డీ3 మీదుగా నా సీ2 బంటు వైపు చూస్తూ ఉంటుంది. నా రాజు దాక్కున్నది ఆ పక్కనే.

పోనీ, ఈ5 మానేసి, ఈ4లో నా బంటును తీసిన తమరి బంటును గుర్రంతో తీసుకుందామంటే అప్పుడూ ఎఫ్5కే వస్తుంది. గుర్రం జీ3కి పోతే అది జీ6కి, హెచ్4 అంటే హెచ్6, హెచ్5 అంటే మళ్లీ అదే హెచ్7! ఎటు తిరిగినా దాని చిరునామా మారదు. ఇంతా తరిమాక నేను చేయవలసిందేమిటయ్యా అంటే, నా బిషప్‌ను డీ3లో పెట్టి, వినయంగా దానితో మార్పిడి చేసుకోవడం. అది పొరపాటూ కాదు, పుస్తకాల్లో ఉన్న రాజమార్గమే!

తమరి మిగతా ఘనకార్యాలు సరేసరి. డీ5లో బంట్లు మార్చుకునే ఎక్స్ఛేంజ్ పద్ధతిలోకి దిగితే నిద్ర ముంచుకొస్తుంది. ఇంకో దారికి పానోవ్ ఎటాక్ అని పేరైతే పెట్టారు గానీ, అందులో తరచూ ఒంటరిగా మిగిలే డీ4 బంటుకు కాపలా కాయవలసింది నేనే. గుర్రంతో డీ6లో ఆరో ఎత్తుకే ఆట కట్టే ఉచ్చు ఒకటుంది కదా అని మంత్రిని ఈ2లో పెడతాను. ఎదుటివాడు దాన్ని కనిపెట్టేస్తాడు. నా మంత్రి నా బిషప్‌కే అడ్డంగా మిగులుతుంది. 1997లో డీప్ బ్లూ అనే కంప్యూటర్ ఈ6లో గుర్రాన్ని బలిచ్చి ప్రపంచ ఛాంపియన్ కాస్పరోవ్ అంతటివాడిని 19 ఎత్తుల్లో ఓడించింది తమరి మీదే. ఆశపడి నేనూ గుర్రాన్ని జీ5కి పంపుతాను. దానికి కాస్పరోవ్ పొరపాటున వేసిన ఆ హెచ్6 మాత్రం నా ఎదుట ఒక్కరూ వేయరు.

వంశ చరిత్ర కూడా చూశాను. 1885లో హాంబర్గ్‌లో మీసెస్ లాంటి దాడి ఆటగాడిని తమరి పేరులోని ‘కాన్’ అయిన మార్కస్ కాన్ 24 ఎత్తుల్లో పడగొట్టాడు. అక్కడా ఈ5, అక్కడా ఎఫ్5లో అదే బిషప్! 1961 ప్రపంచ ఛాంపియన్‌షిప్ తిరుగు పోటీలో అప్పటి ఛాంపియన్ తాల్ హెచ్4 తోసి దాని వెంటపడ్డాడు. పోటీ ముగిసేసరికి కిరీటం అతని ప్రత్యర్థి బోత్విన్నిక్ నెత్తిన ఉంది. తాల్‌కే తప్పనిది నాకు తప్పుతుందా అని ఊరుకోవచ్చు. ఊరుకోను! ఇక ‘తమరు’ లేదు, ‘గారు’ లేదు. నీకు సిగ్గుందా? నీ ముందు ఇంత రక్తం మరిగి ఆడుతుంటే, ఒక్కసారైనా ఉడుక్కుని తిరగబడవేం? ఆ మొండి సీ6, ఈ6, డీ5 బంట్ల వరుసను చూస్తే ఒళ్లు మండుతుంది. అవి నావైతే బాగుండుననీ అనిపిస్తుంది, అది వేరే సంగతి.

ఇక అడిగేది ఒక్కటే. ఈ5 తోసి, ఎఫ్5లో బిషప్ కనబడగానే హెచ్4 అంటాను. దానికి ఆలోచించకుండా ఈ6 వేసే అమాయకుడిని ఒక్కడిని నా ఎదుట కూర్చోబెట్టు. జీ4 అంటే అది ఈ4కి పోతుంది, ఎఫ్3 అంటే జీ6కి వస్తుంది, అప్పుడు హెచ్5! హెచ్7లో ఇంకా బంటే ఉంటుంది, పోవడానికి చోటుండదు. ఆ బిషప్‌ను నా చేత్తో బోర్డు మీంచి తీసి పక్కన పెట్టాలి.

ఇట్లు,
జీ4 తోయకుండా ఉండలేని
నీ బాధితుడు