160 మందిని ఉరి తీయించిన జడ్జి కథలో నిజమెంత?

"అమెరికాలో ఐజాక్ పార్కర్ అనే జడ్జి 160 మందిని ఉరి తీయించాడు. జ్యూరీ లేదు, అప్పీలు లేదు. ఉరి వేయించడమంటే ఆయనకు అంత ఇష్టం!" ఈ పోస్టు తెగ తిరుగుతోంది. కింద కామెంట్లు ఇంకా ఘోరం: "మనకూ ఇలాంటి జడ్జే కావాలి."

ముందు లెక్క సరిచూద్దాం. 160 అనేది ఆయన ఉరిశిక్ష వేసినవాళ్ల సంఖ్య. నిజంగా ఉరికంబం ఎక్కింది 79 మంది. చాలామందికి దేశాధ్యక్షుడు శిక్ష తగ్గించాడు, కొందరి శిక్షలను సుప్రీంకోర్టు కొట్టేసింది. 79 చిన్న సంఖ్య అని నేననను. 1875 సెప్టెంబర్ 3న ఆర్కాన్సాలోని ఫోర్ట్ స్మిత్‌లో ఒకేసారి ఆరుగురిని ఉరి తీశారు. అయితే పార్కర్ జడ్జిగా ఉన్న 21 ఏళ్లలో ఆ కోర్టుకు వచ్చిన కేసులు 13 వేల పైచిలుకు.

జ్యూరీ లేదన్నది పచ్చి అబద్ధం. హత్య కేసుల్లో దోషి అని తేల్చింది పన్నెండు మంది మామూలు పౌరులుండే జ్యూరీయే. వాళ్లు తేల్చాక జడ్జి చేతిలో ఏమీ ఉండేది కాదు. అప్పటి ఫెడరల్ (కేంద్ర) చట్టంలో హత్యకైనా, అత్యాచారానికైనా ఒకటే శిక్ష, ఉరి. ఆ కుర్చీలో ఎవరు కూర్చున్నా అదే చదవాలి.

అప్పీలు సంగతి కొంత నిజమే, కానీ తప్పు పార్కర్‌ది కాదు. 1889 దాకా ఆ దారి చట్టంలోనే లేదు. క్షమాభిక్ష కోసం అధ్యక్షుడి కాళ్లావేళ్లా పడటమొక్కటే మిగిలేది. ఆ ఏడాది అమెరికా కాంగ్రెస్ దారి తెరిచాక, ఆయన కోర్టు నుంచి పైకి వెళ్లిన ఉరిశిక్షల్లో దాదాపు మూడింట రెండు వంతులను సుప్రీంకోర్టు కొట్టేసింది.

పార్కర్‌ను నిలదీయాల్సింది ఇక్కడ. హెన్రీ స్టార్ కేసే చూడండి. అరెస్టు చేయడానికి వచ్చిన డిప్యూటీ మార్షల్‌ను, అంటే ఫెడరల్ పోలీసు అధికారిని, స్టార్ కాల్చి చంపాడు. వచ్చింది పోలీసని తనకు తెలియదన్నాడు. జ్యూరీకి చట్టం వివరించి ఊరుకోవాల్సిన పార్కర్, విధి నిర్వహణలో ప్రాణాలిచ్చిన అధికారుల గురించి ఆవేశంగా మాట్లాడాడు. ముద్దాయి మీద జ్యూరీకి ముందే కోపం పుట్టించే మాటలవి. 1894లో సుప్రీంకోర్టు తప్పుపట్టి, మళ్లీ విచారించమంది. ఆయన కోర్టు తరఫున ఇండియన్ టెరిటరీకి (అమెరికా ఆదివాసీ తెగల ప్రాంతం, ఇప్పటి ఓక్లహోమా) వెళ్లిన మార్షళ్లు డజన్ల కొద్దీ చనిపోయారు. ఆ బాధ నాకు అర్థమవుతుంది. కానీ ఒక మనిషి ప్రాణం తేల్చే చోట ఆ బాధ నోటి వెంట రాకూడదు. "ఇలాంటి జడ్జి కావాలి" అంటున్నవాళ్లు కోరుకుంటున్నది సరిగ్గా ఈ తప్పునే.

ఇక ఉరి అంటే ఇష్టమా? 1896లో జబ్బుపడి మంచం మీద నుంచే ఒక విలేకరితో మాట్లాడుతూ, నేరానికి శిక్ష తప్పదనే నమ్మకం ఉంటే మరణశిక్ష రద్దుకు తాను అనుకూలమేనన్నాడు. ఆ నవంబర్‌లోనే చనిపోయాడు. దోషికి ఉరి వద్దని జ్యూరీ చెప్పగలిగే చట్టం 1897 జనవరిలో వచ్చింది.