సున్నాతో కలిపి పదకొండు మెట్ల నిచ్చెనగారికి

నిచ్చెనగారూ, నమస్కారమండి.

మొన్న ఆదివారం మీరు మా ఇంటికొచ్చారు. రీసెర్చ్ చేసుకుంటున్న ఒక అమ్మాయి మిమ్మల్ని కాగితం మీద బొమ్మగా పట్టుకొచ్చింది. కింద సున్నా, పైన పది. పై మెట్టంటే మీకు దొరకగలిగినంతలో మంచి బతుకు, కింది మెట్టంటే మరీ అధ్వాన్నమైన బతుకు, ఇప్పుడు మీరే మెట్టు మీద ఉన్నారనుకుంటున్నారండీ అని అడిగింది.

ఏడు అందామని నోరు తెరిచాను. ఈలోగా గుమ్మంలో పక్కింటాయన కనపడ్డాడు. ఆయన పోయిన నెల చేబదులు అడిగితే, కొబ్బరికి ధర లేదండీ, దింపు కాయంతా రాశిపోసి ఉందండీ అని చెప్పి పంపించినవాడిని నేను. అందుకని ఐదన్నాను. వంటింట్లోంచి మా ఆవిడ "ఐదేంటండీ, పిల్లకి సంబంధాలు చూస్తూ" అంది. సరే, ఆరు రాసుకోమ్మా అన్నాను. పులస బేరం కూడా ఇంతకంటే తొందరగా తెగుతుందండి.

మీరు పెద్దవారే, కాదనను. 1965లో హాడ్లీ కాంట్రిల్ అనే అమెరికా మనస్తత్వవేత్తగారు మిమ్మల్ని లోకానికి పరిచయం చేశారు, ఇప్పుడు సర్వేలు చేసే గ్యాలప్ వాళ్ళు మిమ్మల్ని దేశదేశాలూ తిప్పుతున్నారు, ఆ లెక్కతోనే ప్రపంచ సంతోష నివేదికలో దేశాలకి ర్యాంకులు. 2025లో 147 దేశాల్లో మనది 118, ఫిన్లాండ్ వరసగా ఎనిమిదోసారి ఫస్టు. నా ఆరు ఆ లెక్కలోకి రాదులెండి, ఆ అమ్మాయి లెక్క వేరు. కానీ మూడంతస్తుల మేడ కట్టి గుమ్మానికి బూడిద గుమ్మడికాయ వేలాడదీసుకునే మనిషి, ఎవరో ముక్కూమొహం తెలీనివాళ్ళొచ్చి అడిగితే "తొమ్మిదండి" అంటాడని ఎలా అనుకున్నారండీ? మా వైపు పదెకరాల కొబ్బరి తోట ఉన్నవాడిని కదిపినా వచ్చే మాట ఒకటే. "ఏదోనండి, అలా వెళ్ళిపోతోందండి." ఇది ఎన్నో మెట్టో మీరే చెప్పాలి.

ఇంకో సంగతి. స్వీడన్‌లో లుండ్ యూనివర్సిటీ వాళ్ళు బ్రిటన్‌లో పదిహేను వందల పైచిలుకు మందిని అడిగి 2024లో ఓ పేపర్ వేశారు. మీ బొమ్మ పెట్టి అడిగితే జనానికి డబ్బూ, అధికారం ఎక్కువ గుర్తొస్తున్నాయట, నిచ్చెన మాట తీసేసి అడిగితే ఆ ఆలోచనలు తగ్గాయట. మిమ్మల్ని చూడగానే నాకు గుర్తొచ్చింది మా తోడల్లుడు. నేను మోటారు సైకిల్ కొన్న ఏడాది వాడు కారు కొన్నాడు, నేను కిందామీదా పడి కారు కొనేసరికి వాడి కూతురు డల్లాస్ వెళ్ళిపోయింది. సంక్రాంతికి అత్తారింట్లో ఇద్దరం పక్కపక్కనే కూర్చుని అరిసెలు తింటాం, భోగి నాడు ఆరో మెట్టు మీద ఉన్న నేను కనుమ సాయంత్రానికి నాలుగుకి దిగిపోతాను, ముక్కనుమ నాడు వాడు కారెక్కి మలుపు తిరగ్గానే మళ్ళీ ఆరు. ఇలా పోల్చుకోవడం మీద లియాన్ ఫెస్టింగర్ అనే మనస్తత్వవేత్త 1954లోనే సిద్ధాంతం రాశాడు. ఆయనకి తోడల్లుడు ఉన్నాడో లేడో.

పైగా ఏ రోజు అడిగారన్నది కూడా ఉంటుంది కదండీ. ఎండ కాసిన రోజు ఫోన్ చేస్తే బతుకు బాగుందన్నారనీ, వాన రోజు చేస్తే తగ్గించి చెప్పారనీ 1983లో ష్వార్జ్, క్లోర్ అనే ఇద్దరు రాశారు. తర్వాత పెద్ద ఎత్తున చూసినవాళ్ళకి ఆ తేడా అంతగా దొరకలేదట. దొరకదు మరి, వాళ్ళ ధాన్యం కళ్ళంలో లేదు కదా! సార్వా కోతలప్పుడు, తేమ 17 శాతం దాటితే ధాన్యం కొనేవాళ్ళు ఆరబెట్టుకు రమ్మంటారని బరకాలు పట్టుకుని మేము పరిగెడుతున్నప్పుడు రండి, మీకు సున్నా కింద ఇంకో నాలుగు మెట్లు కావాలి.

అసలు మిమ్మల్ని ఇబ్బంది పెట్టింది మా అమ్మ. ఎనభై దాటాయి. బొమ్మని చేత్తో దూరంగా పట్టుకుని చూసి, "పైమెట్టు మీద ఏముంటుందే అమ్మా?" అంది. "అన్నిటికంటే మంచి జీవితం, మామ్మగారూ." "అదేంటే, నీళ్ళు కిందుంటాయి కదా?" ఆవిడ లెక్క గోదావరి రేవు మెట్లది, అక్కడ పైమెట్టు మీద చెప్పులు విడుస్తాం. కాదు మామ్మగారూ, ఇది నిచ్చెన అని చెబితే ఇంకా ఆశ్చర్యపోయింది. "నిచ్చెన మీద ఎవరైనా ఉంటారుటే? పెంకు సర్దుకుని దిగిపోవాలి. ఇంతకీ కింద పట్టుకున్నదెవరు?"

ఆ పిల్ల పెన్ను పక్కన పెట్టేసింది. కష్టమొస్తే ఆదుకునేవాళ్ళున్నారా అని వేరే ప్రశ్న ఉందిట, అవును, కాదు అని చెబితే చాలట. 1996 నవంబరు తుఫానులో మా కొబ్బరి చెట్లన్నీ ఒక్క రాత్రిలో పడిపోతే, తన ఇంటి మీద పెంకు ఒక్కటి లేకపోయినా మర్నాడు మా వాకిట్లో గొడ్డలి పట్టుకుని నిలబడినవాడు ఆ పక్కింటాయనే. అదంతా "అవును"లో పట్టేస్తుందన్నమాట. (చేబదులు విషయం ఆయనతో మళ్ళీ మాట్లాడాలి.)

తర్వాత భోజనాలు. నలుగురూ కలిసి తింటే సంతోషమని ఆ 2025 సంతోష నివేదికలో ఓ అధ్యాయమే ఉందని ఆ అమ్మాయి పనసపొట్టు కూర కలుపుకుంటూ చెప్పింది. అవునండి, మేం నలుగురం కలిసే తిన్నాం. మా ఆవిడ మాకు వడ్డించి, అమ్మకి మందులిచ్చి, మూడు దాటాక వంటింట్లో ఒక్కతీ కూర్చుంది. ఎన్నో మెట్టు అని ఆవిడని అడగలేదు. ఆ పిల్లా అడగలేదు, నేనూ అడగలేదు.

మూడు నెలల తర్వాత మళ్ళీ వస్తానంది ఆ అమ్మాయి. ఈసారి మీరు కాగితం మీద కాకుండా కర్రతో రండి. వానలు మొదలయ్యేలోగా వంటింటి మీద పెంకు సర్దించాలి. పట్టుకోవడానికి ఇద్దరం ఉన్నాం.

ఇట్లు,
ఆరు (ప్రస్తుతానికి)