జలపాతానికి పది మార్కులు

బీటెక్‌లో సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగ్ పేపరు దండగని, అది చదివినవాడికి సాఫ్ట్‌వేరూ రాదు, ఇంజనీరింగూ రాదని ఈమధ్య కుర్రాళ్లు నోరు పారేసుకుంటున్నారు. పన్నెండేళ్లుగా ఆ పేపరు చెబుతున్నవాణ్ణి గనక జవాబు చెప్పే బాధ్యత నాది. ఈ పన్నెండేళ్లలో నేనొక్క సాఫ్ట్‌వేరూ రాయలేదన్నది వేరే సంగతి. గట్టు మీద నిలబడ్డవాడికే కదా ఈత మొత్తం కనిపించేది!

అసలు ఈ శాస్త్రం పుట్టుకే తగువులో ఉంది. 1968లో జర్మనీలోని గార్మిష్‌లో నాటో వాళ్లు సభ పెట్టుకుని, సాఫ్ట్‌వేర్లు గడువుకు రావడం లేదని, ఖర్చు చేయి దాటుతోందని తలలు పట్టుకున్నారు. 'సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగ్' అన్న పేరు కావాలనే రెచ్చగొట్టేలా ఎంచుకున్నామని తమ నివేదికలోనే రాసుకున్నారు. మరి మావాళ్లు రెచ్చిపోతే తప్పెవరిది?

ఇక వాటర్‌ఫాల్ మోడల్, అంటే జలపాతంలా పై మెట్టు పని ముగిశాకే కింది మెట్టుకు దిగుతూ, వెనక్కి తిరగకుండా సాఫ్ట్‌వేరు కట్టే పద్ధతి. 1970లో విన్‌స్టన్ రాయిస్ అనే అమెరికన్ ఒక వ్యాసంలో మెట్లుమెట్లుగా డబ్బాలు గీశాడు: అవసరాలు, విశ్లేషణ, డిజైన్, కోడింగ్, టెస్టింగ్. గీసి ఊరుకోలేదు. ఇలాగే కడితే ప్రమాదమని, వైఫల్యాన్ని పిలిచి పీట వేసినట్టేనని కూడా రాశాడు. మిగతా వ్యాసమంతా దాన్ని ఎలా చక్కదిద్దాలన్న గొడవే. 'వాటర్‌ఫాల్' అన్న మాట ఆ వ్యాసంలో ఎక్కడా లేదు. లోకం మాత్రం బొమ్మ చూసి మురిసిపోయి, పేజీ తిప్పడం మరిచిపోయింది.

మేము మరిచిపోలేదు, మానేశాం. బొమ్మకైతే మార్కులు వేయొచ్చు, అనుమానానికి ఎలా వేస్తాం? మా లెక్క ప్రకారం డబ్బాలకు ఐదు, బాణాలకు మూడు, వివరణకు రెండు. పెన్సిల్‌తో, స్కేలు పెట్టి గీయాలి. బాణాన్ని వెనక్కి తిప్పినవాడికి ఒక మార్కు కోత. రాయిస్ గారే వచ్చి మా హాల్లో పరీక్ష రాస్తే బొమ్మతో గట్టెక్కేవారేమో గానీ, వివరణలో రెండూ పోయేవి.

ప్రాజెక్టు అంచనా వేయడం నేర్పడం లేదన్నది ఇంకో నింద. నేర్పుతున్నాం. ప్రాజెక్టుకు ఎంత పని పడుతుందో లెక్కగట్టడానికి బ్యారీ బోహెమ్ అనే అమెరికన్ 1981లో ఇచ్చిన కోకోమో సూత్రం మా పిల్లలకు నిద్రలో లేపి అడిగినా వస్తుంది. పదివేల లైన్ల కోడుండే మామూలు ప్రాజెక్టయితే, లెక్క వేలల్లో గనక, పదిని 1.05 ఘాతానికి లేపి 2.4తో గుణించాలి. సుమారు 27 మనిషి-నెలలు తేలుతుంది. అంటే ముగ్గురు కూర్చుని ఇంచుమించు తొమ్మిది నెలలు పని చేయాలి. ఈ లెక్క తప్పు లేకుండా వేసిన కుర్రాడే సాయంత్రం అమీర్‌పేట వెళ్లి, అంతే ప్రాజెక్టును డాక్యుమెంటేషన్, పీపీటీలతో సహా, బంగారు అక్షరాల హార్డ్ బైండింగ్ చేయించి, టీ తాగి వచ్చేలోపు పట్టుకొస్తాడు. బోహెమ్ గారి సూత్రంలో అమీర్‌పేట గుణకం ఒకటి తక్కువైంది. పాపం, ఆయనకు ఎవరూ చెప్పినట్టు లేదు.

సాఫ్ట్‌వేరును కొంచెం కొంచెంగా కట్టి, చూపించి, దిద్దుకుంటూ పోయే అజైల్ పద్ధతి సంగతి క్లుప్తంగా చెబుతాను. 2001 ఫిబ్రవరిలో అమెరికాలోని యూటా మంచు కొండల్లో 17 మంది పెద్దలు చేరి, బోలెడు డాక్యుమెంట్ల కన్నా పనిచేసే సాఫ్ట్‌వేరుకే విలువ ఎక్కువన్నారు. ఈ మాటను మా విద్యార్థులు నలభై పేజీల రికార్డులో చేత్తో రాస్తారు. జిరాక్స్ ఒప్పుకోం. ఇంకా చేయాల్సిన పనుల జాబితాను ఈ పద్ధతిలో బ్యాక్‌లాగ్ అంటారు. ఒక అబ్బాయిని వైవాలో "బ్యాక్‌లాగ్ అంటే ఏమిటి?" అనడిగాను. తల దించుకుని, "తప్పిన సబ్జెక్టులు మూడున్నాయి సార్, మ్యాథ్స్ త్రీతో కలిపి" అన్నాడు. ఇంతకన్నా నిజాయితీగా ఏ కంపెనీలోనూ చెప్పరు.

ప్రాక్టికల్ లేదన్నది మాత్రం పచ్చి అబద్ధం. రిక్వైర్‌మెంట్స్ సేకరణలో మావాళ్లను మించినవాళ్లు లేరు. బయటి కాలేజీ నుంచి ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్‌గా ఎవరొస్తున్నారు, ఏ ప్రశ్నలు అడుగుతారు, పక్క కాలేజీలో నిన్న ఎవర్ని నిలబెట్టారు... వైవా ముందు రాత్రికల్లా హాస్టల్లో సమస్తం సిద్ధం.

మొన్న వచ్చిన ఎక్స్‌టర్నల్ గారు ఒక లైబ్రరీ మేనేజ్‌మెంట్ సిస్టమ్ రిపోర్టు తిరగేస్తూ సర్టిఫికెట్ పేజీ దగ్గర ఆగారు. అందులో కాలేజీ పేరు మాది కాదు. సంవత్సరమూ ఇప్పటిది కాదు.

"ఏంటి బాబూ ఇది?"

"సాఫ్ట్‌వేర్ రీయూజ్ సార్" అన్నాడు కుర్రాడు, బెదరకుండా.

"మరి మెయింటెనెన్స్?"

కుర్రాడు జేబులోంచి వైట్‌నర్ తీశాడు.