దారి తప్పితే నడవకండి, ముందు కూర్చోండి

మా సత్యనారాయణపురం వాకింగ్ గ్రూపులో నాలుగు రోజులుగా ఒకటే మెసేజ్ తిరుగుతోంది. "అడవిలో దారి తప్పితే భయపడొద్దు, భయపడ్డవాడే చస్తాడు. ఆగకుండా నడవండి. దిక్కు తెలియకపోతే చెట్టు మీద నాచు చూడండి, అది ఉత్తరం వైపే ఉంటుంది. వాగు కనిపిస్తే దాని వెంట దిగితే ఊరొస్తుంది. నీళ్లు తాగకుండా దాచుకోండి." కింద వరసగా దండాలు. కార్తీకమాసంలో పిల్లల్ని వేసుకుని మూలపాడు, కొండపల్లి వైపు వనభోజనాలకి వెళ్లేది వీళ్లే, అందుకే రాస్తున్నా.

ఆగకుండా నడవాలట. రెండేళ్ల కిందట ఆగస్టులో, బాగా మబ్బు పట్టిన రోజు, నేనూ మా బావమరిదీ కొండపల్లి కొండల్లో కాలిబాట వదిలేసి అడ్డదారిన పడ్డాం. తిన్నగానే పోతున్నామని ఒట్టేసి చెప్పేవాణ్ణి. ముప్పావుగంట నడిచాక ఒక బండ, దాని మీద బత్తాయి తొక్కలు. మేం తిని పడేసినవే, చీమలు కూడా పట్టేశాయి. మా తెలివితక్కువే అనుకున్నా గానీ, 2009లో వచ్చిన ఒక పరిశోధనలో మాక్స్ ప్లాంక్ సంస్థ శాస్త్రవేత్తలు జర్మనీలో ఒక అడవిలో మనుషుల్ని నడిపించి చూస్తే, మబ్బు రోజున నడిచినవాళ్లు గుండ్రంగానే తిరిగారట, తిన్నగా వెళ్తున్నామనే అనుకుంటూ. పైగా మనం ఎంత జరిగితే వెతికేవాళ్లకి అంత పని.

నాచుకి దిక్కుతో పనేముంది, నీడా తడీ ఉంటే చాలు. మధ్యాహ్నం సూర్యుడు ఏడాదంతా దక్షిణం వైపే ఉండే చలిదేశాల మాట అది. మన బెజవాడలో మే మొదటి వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మిట్టమధ్యాహ్నం సూర్యుడు ఉత్తరం వైపుకే ఉంటాడు!

వాగు ఊరికే వెళ్తుందని ఎవరు చెప్పారో. కొండవాగు నిట్టనిలువు లోయలోకీ దూకుతుంది. పైన ఎక్కడో వాన పడితే కింద చినుకు లేకుండానే పొంగుతుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగడం చూసిన మా బెజవాడ సింగ్ నగర్ వాళ్లకి వాగు సంగతి వేరే చెప్పాలా?

నీళ్లుంటే దాహానికి తాగండి. దాచుకోవాల్సింది చెమట, అంటే ఎండలో తిరగడం మాని నీడన ఉండటం.

ఇక భయపడొద్దనడం తుమ్మొద్దన్నట్టే ఉంది. ఆ తొక్కలు చూడగానే మా బావమరిది చేతులు వణికి సీసా మూత తిప్పలేకపోయాడు. ఆ టెన్షన్‌లో బుర్రకి ఒకటే తోస్తుంది, పరిగెత్తమని. అప్పుడు చెయ్యాల్సింది కూర్చోవడం. ఊపిరి పీల్చినదానికంటే నెమ్మదిగా వదులుతుంటే గుండె దడ తగ్గుతుంది. తర్వాత ప్రశ్నలు వాటంతటవే వస్తాయి: చివరిసారి బాట ఎక్కడ చూశాం, చీకటి పడటానికి ఎంత టైముంది, ఫోన్లో చార్జింగ్ ఎంత. మన సిమ్‌కి సిగ్నల్ లేకపోయినా అక్కడ వేరే కంపెనీ సిగ్నల్ ఉంటే 112 కలిసే అవకాశం ఉంది. జేబులో ఒక విజిల్ ఉంటే మూడేసి సార్లు ఊదండి, ఆపదలో ఉన్నామని దాని అర్థం. మా దగ్గర విజిలూ లేదు, అది వేరే సంగతి.

పది నిమిషాలు కూర్చున్నాక ఎడమవైపు కింద నుంచి మేకల మెడగంటలు వినపడ్డాయి. మా చెప్పుల చప్పుడులో, నీవల్లంటే నీవల్లని మేం అరుచుకున్న గోలలో అంతవరకూ వినపడలేదు. కాపరి మమ్మల్ని ఎగాదిగా చూసి, "రోడ్డు ఇక్కడే కదండీ" అన్నాడు.